అయిదు వేల నొక్కులు

నా నోటిదూల సంగతి మా ఆవిడకి పెళ్ళైన వారానికే తెలిసిపోయింది. సర్కారుకి తెలియడానికి మాత్రం ఇరవై ఆరేళ్ళు పట్టింది. నేను జిల్లా సాయుధ పోలీసు విభాగంలో ఆయుధాల గది చూసే హెడ్ కానిస్టేబుల్ని. పేరు తవిటినాయుడు. తుపాకులు తుడవడం, నూనె పెట్టడం, విరిగిన స్ప్రింగులు మార్చడం నా పని. మాట్లాడటం నా పని కాదు. అయినా ఒక్కసారి మాట్లాడాను. దాంతో మా జిల్లాలో మూడు నెలలపాటు దొంగల్ని కోర్టుకి తీసుకెళ్ళే దిక్కు లేకపోయింది, మా సన్యాసమ్మ కుడిచేతి చూపుడు వేలికి ఎర్రచీటీ కట్టారు.

మొదట్నించీ చెబితేగాని నమ్మరు. మాకు అరవై నాలుగు కొత్త పిస్తోళ్ళు వచ్చాయి. పాతవాటికి వెనకాల చిన్న సుత్తి ఉండేది, అది వచ్చి కొడితే తూటా పేలేది. వీటికి ఆ సుత్తి లేదు. లోపలే ఒక స్ప్రింగూ, దాని ముందు ఒక పిన్నూ. ట్రిగ్గర్ నొక్కితే పిన్ను దూసుకుపోయి తూటాని పొడుస్తుంది. మా డీఎస్పీ విశ్వంభరరావు గారు పిస్తోలుని అటూ ఇటూ తిప్పి చూశారు.

"దీనికి సుత్తి ఏదయ్యా?"

"ఉండదండి. పని చేసేదంతా లోపలే ఉంటుందండి."

"లోపల ఉన్నదానికి బాధ్యత ఎవరిది?"

"నాదేనండి" అన్నాను. అలాంటి ప్రశ్నలకి ఎప్పుడూ అదే జవాబు.

ఆ వారంలోనే కొండకింది మైదానంలో ఫైరింగు పరీక్ష జరిగింది. యాభైకి ముప్ఫై అయిదు రావాలి. హెడ్ కానిస్టేబుల్ సన్యాసమ్మకి ఇరవై ఒకటి వచ్చాయి. పాత రివాల్వరుతో నలభైకి తగ్గని మనిషి! తూటాలన్నీ బొమ్మకి ఎడమపక్క, కింద, బెల్టు దగ్గర గుంపుగా పడ్డాయి.

సన్యాసమ్మ గురించి చెప్పాలి. పదమూడేళ్ళుగా హెడ్ కానిస్టేబులే. ట్రెజరీ ముందు కాపలా నిలబడి నిలబడి మోకాళ్ళు అరిగిపోయాయి. ఏఎస్సై ప్రమోషన్ లిస్టులో ఆఖరి పేరు ఆమెది. ఈ పరీక్ష గట్టెక్కితే భుజం మీద ఒక నక్షత్రం, ఏదో ఒక స్టేషన్లో కుర్చీ. మూడు నెలల తర్వాత, ఇరవై తొమ్మిదో తారీకున ఇంకొక్క అవకాశం ఉంది. ముప్ఫయ్యో తారీకుతో లిస్టు చెల్లిపోతుంది. ఆ నక్షత్రాన్ని ఆమె ఏడేళ్ళ కిందటే కొని, పసుపుడబ్బాలో దాచుకుంది. ఈ సంగతి నాకొక్కడికే తెలుసు.

సాయంత్రం పిస్తోలు అప్పజెప్పడానికి వచ్చి, బల్ల మీద దఢేలున పెట్టింది. దాని మీద 37 అని తెల్లరంగుతో అంకె.

"ఏటన్నా ఇది? ట్రిగ్గరా, గేదె తాడా? లాగితే రాదు, వస్తే ఆగదు!"

"కోప్పడకమ్మా. మొదట కొంచెం వదులుగా వస్తుంది, తర్వాత గోడకి తగిలినట్టు ఆగుతుంది. అక్కడ నువ్వు మొరటుగా లాగుతున్నావు, మూతి కిందికి వంగుతోంది. కొత్త చెప్పులాంటిదే ఇది, నాలుగు రోజులు కరుస్తుంది. తూటా లేకుండా ఖాళీగా నొక్కుతూ ఉండు. నేను లోపల రాపిడి ఉన్నచోట ఓ బొట్టు నూనె వేస్తాను. ఓ నాలుగైదు వేలసార్లు నొక్కితే అదే దారికొస్తుంది."

అదీ నేను మాట్లాడిన మాట. నా ఖర్మ కాలి, డీఎస్పీ గారు అప్పుడే గుమ్మంలోకి వచ్చారు.

"ఎన్నిసార్లు?"

"నాలుగైదు వేలు సార్, ఉజ్జాయింపుగా."

"నాలుగా, అయిదా? ప్రభుత్వంలో నాలుగైదు అనే అంకె లేదు నాయుడూ."

"అయిదండి" అన్నాను, ఎక్కువే మంచిదనుకుని.

మర్నాటికల్లా సర్క్యులర్ వచ్చింది. దాని ప్రతి ఇప్పటికీ నా దగ్గరుంది. "నూతనముగా సరఫరా కాబడిన పిస్తోళ్ళ ట్రిగ్గర్లు బిగువుగా నున్నవని గమనించడమైనది. సదరు బిగువును తొలగించు నిమిత్తము ట్రిగ్గర్ మృదుత్వ సాధన పథకము తక్షణమే అమలు చేయవలెను. ప్రతి ట్రిగ్గర్ సరిగ్గా అయిదు వేల పర్యాయములు నొక్కబడవలెను. నొక్కువారు హెడ్ కానిస్టేబుల్ హోదాకు మించరాదు. ప్రతి నొక్కు ఇద్దరు మధ్యవర్తుల సమక్షమున జరుగవలెను."

మధ్యవర్తులంటే ఏమిటో తెలియనివాళ్ళకి చెప్పాలి. మా శాఖలో నాటుసారా సీసా పట్టుకున్నా, శవాన్ని చూసినా, పక్కన ఇద్దరు మధ్యవర్తులు నిలబడి కాగితం మీద సంతకాలు పెట్టాలి. ఎక్కువగా గ్రామ రెవెన్యూ అధికార్లనే పిలుస్తాం. మధ్యవర్తులు చూడనిది జరగనట్టే లెక్క. మా డీఎస్పీ గారికి ఆ నమ్మకం రక్తంలో ఉంది. ఆయన పెళ్ళికి కూడా మధ్యవర్తుల నివేదిక రాయించారని మా వాళ్ళు నవ్వుకుంటారు. నేనైతే అది అబద్ధమని ఒట్టు వెయ్యలేను.

పరేడ్ షెడ్డులో అరవై నాలుగు బల్లలు వేశారు. బల్లకి ఒక పిస్తోలు, నొక్కేవాడొకడు, వాణ్ణి చూసేవాడొకడు, ఇద్దరు వీఆర్వోలు. "జాంచ్ శస్త్ర!" అని కేక వేస్తే పిస్తోలు తెరిచి చూపించాలి. వీఆర్వోలు తొంగిచూసి "ఖాళీ" అనాలి. అప్పుడు గోడకి గురిపెట్టి నొక్కాలి. టిక్కుమంటుంది. వెంటనే నివేదిక: "మా సమక్షమున సదరు ట్రిగ్గర్ నొక్కబడినది. టిక్కను శబ్దము మేము చెవులారా విన్నాము. చదివి వినిపించగా సరియని ఒప్పుకొని సంతకములు చేసినాము."

మొదటిరోజు పొద్దుగూకేసరికి ఒక్కో పిస్తోలుకి ముప్ఫై ఒక్క నొక్కులు పడ్డాయి. డీఎస్పీ గారు సంతోషించారు.

రెండో వారంలో వాన పట్టుకుంది. షెడ్డు మీద రేకులు. పదిహేడో నంబరు బల్ల దగ్గర ఒక వీఆర్వో పెన్ను కింద పెట్టేశాడు.

"నాకు టిక్కు వినబడలేదండి. విననిది విన్నానని ఎలా రాస్తాను? రేపు కోర్టులో అడిగితే?"

"ఏ కోర్టు అడుగుతాదండీ బాబూ, ఈ టిక్కు గురించి?" అన్నాడు నొక్కినవాడు.

"న్యాయం న్యాయమే" అన్నాడు వీఆర్వో.

డీఎస్పీ గారు ఆయన నిజాయితీకి ముచ్చటపడి, వాన మొదలైనప్పటి నుంచీ పడ్డ నొక్కులన్నీ రద్దు చేసి, మళ్ళీ నొక్కించారు.

ఈ రేటున ఆరు నెలలకి గాని పూర్తి కాదని నేను మనవి చేసుకున్నాను. (చూశారా, మళ్ళీ నోరు తెరిచాను.) డీఎస్పీ గారు ఆలోచించి, సిబ్బందిని పెంచి పగలంతా మూడు జట్లుగా నొక్కమన్నారు. నివేదికలు ముందే అచ్చువేయించి, అంకె, సంతకం మాత్రం నింపమన్నారు. దాంతో వేగం పెరిగింది. ఇటు జట్లు నిండడానికి అటు బ్యాంకుల ముందు కాపలా ఎత్తేశారు. ముద్దాయిల్ని కోర్టుకి తీసుకెళ్ళేవాళ్ళు లేక, ఒక జడ్జిగారు మూడు వాయిదాలు ఖాళీ బోనుకే వేశారు. పల్లెల్లో వీఆర్వోలు కనబడక, జనం కుల ధ్రువీకరణ పత్రాలకి మా షెడ్డుకే వచ్చేవారు. టిక్కుకీ టిక్కుకీ మధ్య సంతకం పెట్టించుకుని పోయేవారు. అమ్మవారి జాతరకి బందోబస్తు అడగడానికి ఊరిపెద్దలొస్తే, ట్రిగ్గర్లు మెత్తబడేదాకా జాతర వాయిదా వేసుకోమన్నారు డీఎస్పీ గారు.

"అమ్మోరు ఆగదండి" అన్నాడు ఒక పెద్దమనిషి.

"అయితే అమ్మవారిని రాతపూర్వకంగా తెలియపరచమనండి" అన్నారు ఈయన.

ఒకరోజు నలభై రెండో బల్ల దగ్గర వీఆర్వోకి జ్వరమొచ్చింది. ఆ పూటకి రిమాండులో ఉన్న గొర్రెల దొంగ కామేసుని కూర్చోబెట్టారు. చదువొచ్చినవాడు, స్థానికుడు, ఎలాగూ కోర్టుకి తీసుకెళ్ళేవాళ్ళు లేక ఖాళీగా ఉన్నాడు. నిజం చెప్పొద్దూ, మా మధ్యవర్తులందరిలోకీ శ్రద్ధగా విన్నవాడు వాడే.

సన్యాసమ్మ మాత్రం ఆ ముప్ఫై ఏడో పిస్తోలుని ఇంకొకరి చేతికి ఇవ్వలేదు. అయిదు వేలూ తనే నొక్కుతానంది. వీఆర్వోలు భోజనానికి లేచినప్పుడు కూడా, పిస్తోలు మూతి మీద రూపాయి బిళ్ళ నిలబెట్టి, అది పడకుండా నొక్కడం నేర్చుకుంది. మొదట్లో బిళ్ళ ప్రతిసారీ ఎగిరి బల్లకింద పడేది. మోకాళ్ళ నొప్పితో వంగి వెతుక్కునేది. నాకు ప్రాణం ఉసూరుమనేది. నా నోటివల్లే కదా ఈ తద్దినం అనుకుని, సాయంత్రాలు ఆ పిస్తోలు విప్పి, లోపల మీటలు రాసుకునేచోట గుడ్డతో రుద్ది, నూనె బొట్టు వేసి ఇచ్చేవాణ్ణి. పన్నెండో నంబరువాడు వేలు వాచి సెలవు పెడితే వాడి నొక్కులూ, పంతొమ్మిదో నంబరువాడివీ రద్దుచేసి, మొదట్నించీ ఆమెకే వేశారు. కాదనలేదు.

రెండున్నర నెలలకి ఒక మధ్యాహ్నం నన్ను పిలిచింది.

"అన్నా, ఇటు సూడు."

బిళ్ళ పెట్టింది. నొక్కింది. టిక్కుమంది. బిళ్ళ కదల్లేదు. మళ్ళీ నొక్కింది. నలభైసార్లు నొక్కినా కదల్లేదు.

"ఎన్నపూసన్నా ఇది! ఎక్కడ ఆగుతాదో, ఎక్కడ తెగుతాదో నా ఏలికి తెలిసిపోనాది." ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి. నాకూ తిరిగాయి, చెప్పుకోడానికి సిగ్గెందుకు?

ఇరవై ఎనిమిదో తారీకున పథకం పూర్తయింది. దాని ఘనత చూడడానికి రాజధాని నుంచి సాంకేతిక సమితి దిగింది. అధ్యక్షులు భుజంగరావు గారు సన్నగా, పొడుగ్గా ఉంటారు. నవ్వితే నియమం తప్పినట్టు భావించే మనిషి. ఒక్క పిస్తోలు కూడా ముట్టుకోలేదు. మధ్యవర్తుల నివేదికల కట్టలు రెండు లారీలకి సరిపడా ఉంటే, వాటి చుట్టూ ప్రదక్షిణం చేశారు.

"ఒక్కో ట్రిగ్గరు అయిదు వేలసార్లు నొక్కబడినట్లు రుజువున్నదా?"

"తిరుగులేని రుజువండి!" అన్నారు డీఎస్పీ గారు, ఛాతీ విరిచి.

"నియమావళి నలభై ఏడో పేరా ప్రకారము, అయిదు వేల నొక్కులు పూర్తియైన ఏ భాగమైననూ అరిగినదిగా భావించబడవలెను. అరిగిన ఆయుధము వినియోగమునకు అనర్హము. అరవై నాలుగు పిస్తోళ్ళనూ కండెమ్ చేయుచున్నాము."

నేను ఉండబట్టలేకపోయాను. "సార్, పది తూటాలకి మించి పేల్చలేదండి! గొట్టాలు అద్దాల్లా ఉన్నాయి! ఇప్పుడే కదండీ పనికొచ్చేలా అయ్యాయి!"

"తూటా పేలినదా లేదా అన్నది అప్రస్తుతము. నొక్కబడినదా లేదా?"

"నొక్కబడిందండి."

"మీకేమైనా అనుమానముంటే మధ్యవర్తుల నివేదికలు చదువుకోవచ్చును."

వాళ్ళ లారీలోనే ఇంకో అరవై నాలుగు కొత్త పిస్తోళ్ళు తెచ్చారు. మెత్తబడ్డవి ఎక్కించుకుని, బిగువువి దించి పోయారు. అధ్యక్షులవారు మాత్రం మర్నాటి పరీక్ష చూడడానికి ఆగారు. సన్యాసమ్మ చేతిలో కొత్తది పెట్టాను, నూట ఒకటో నంబరు. నొక్కి చూసింది. మళ్ళీ అదే గేదె తాడు.

ఆమె మొహం చూడలేక తల వంచుకున్నాను. "తప్పు నాదే సన్యాసమ్మా. నా నోరు పడిపోను."

ఆమె పిస్తోలుని గోడకి గురిపెట్టి, జేబులోంచి రూపాయి బిళ్ళ తీసి, మూతి మీద నిలబెట్టింది. నొక్కింది. బిళ్ళ ఒక్కసారి ఊగింది గాని పడలేదు.

"తుపాకీ మారిపోనాది గాని, ఏలు నాదే గదన్నా" అంది.

ఇరవై తొమ్మిది పొద్దున్న కొండకింద నిలబడి పది తూటాలు పేల్చింది. నేను బొమ్మ దగ్గరికి పరిగెత్తాను. గుండెల మీద అరచేతిలో పట్టేంత జాగాలో పదీ ఉన్నాయి. యాభైకి నలభై ఏడు! నేను యూనిఫాంలో ఉన్నానన్న సంగతి కూడా మర్చిపోయి ఈల వేశాను. మిగతావాళ్ళ తూటాలు యథాప్రకారం ఎడమపక్క బెల్టు దగ్గర పడ్డాయి.

అధ్యక్షులవారి కనుబొమలు మాత్రం ముడిపడ్డాయి. "ట్రిగ్గరు బిగువైనది. అయిననూ గురి తప్పలేదు. కాబట్టి మృదుత్వము సాధించిన భాగము పిస్తోలు కాదు. ఈమె వేలు. ఈ వేలు ఎన్ని నొక్కులు నొక్కినది?"

డీఎస్పీ గారు అందర్నీ షెడ్డుకి తీసుకెళ్ళి, ఉత్సాహంగా నివేదికలు తిరగేశారు. "ముప్ఫై ఏడు, పన్నెండు, పంతొమ్మిది. మొత్తం పదిహేను వేలండి!"

"అనగా మూడింతలు అరిగినది."

సన్యాసమ్మ తన వేలుని తనే తిప్పి చూసుకుంది. వేలి కొసన చింతగింజంత కాయ కాసి ఉంది.

"అరగనేదండయ్యా, పెరిగినాది" అంది.

ఎవరు వింటారు? కండెమ్ అయిన భాగంతో రాసిన పరీక్ష చెల్లదు. ఆ భాగాన్ని ఆయుధాల గదిలో జమచేసి, ఎర్రచీటీ కట్టాలి. భాగాన్ని ఊడదియ్యడం సాధ్యం కాని పక్షంలో, మొత్తం వస్తువునే జమచెయ్యాలి. ఉత్తర్వు మీద డీఎస్పీ గారు అక్కడికక్కడే సంతకం పెట్టారు. ఈ కండెమ్ ఉత్తర్వుల్ని రద్దుచేసే అధికారం కూడా ఆయనదేనని అధ్యక్షులవారు చెప్పి, కారెక్కి వెళ్ళిపోయారు.

మధ్యాహ్నం నుంచీ సన్యాసమ్మ నా గదిలో స్టూలు మీద జమ అయింది. వేలికి ఎర్రచీటీ. ప్రభుత్వ ఆయుధ సామగ్రి కాబట్టి గుమ్మంలో రైఫిలుతో కాపలా. నేను టీ తెచ్చిచ్చాను. ఎడంచేత్తో తాగింది.

"రేపటితో లిస్టు పోతాదన్నా. పదమూడేళ్ళు కాపలా కాసినాను. ఇప్పుడు నాకే కాపలా ఎట్టినారు."

నాకు ఒళ్ళు మండిపోయింది. కాని ఈసారి నోరు తెరవలేదు. ఎందుకంటే ముప్ఫయ్యో తారీకు పొద్దున్నే డీఎస్పీ గారు నా గదికి వస్తారని నాకు తెలుసు. ఒకటో తారీకున డీఐజీ గారి తనిఖీ ఉంది. డీఐజీ గారు కుర్చీ వేసుకుని కూర్చుంటారు, అధికార్లందరూ ఆయన ముందు పేల్చాలి. మా డీఎస్పీ గారు కొత్త పిస్తోళ్ళు దిగిన సాయంత్రమే చాటుగా వెళ్ళి పేల్చి చూసుకున్నారు. బొమ్మకి తగలలేదు. పక్కనున్న మేకకి కొద్దిలో తప్పింది.

వచ్చారు. కాపలావాణ్ణి టీకి పంపారు. గొంతు తగ్గించారు.

"నాయుడూ, నా పిస్తోలు ఈ ఒక్కరోజులో మెత్తబడాలి. మధ్యవర్తుల గొడవ వద్దు. చకచకా నొక్కితే సాయంత్రానికి అయిదు వేలూ అయిపోతాయి కదా?"

"వేలు బొబ్బలెక్కకుండా అంత నొక్కేవాళ్ళు జిల్లాలో ఒక్కరేనండి" అని స్టూలు వైపు చూశాను.

సన్యాసమ్మ లేచి నిలబడి, సెల్యూట్ చేసింది. ఎర్రచీటీ నుదుటి దగ్గర ఊగింది.

"కండెమ్ సరుకండయ్యా. వాడకూడదు. వాడినోళ్ళకి చార్జి మెమో అని తవరే సంతకం ఎట్టినారు."

డీఎస్పీ గారు చెమట తుడుచుకున్నారు. "ఆ ఉత్తర్వు రద్దు చేస్తే?"

"రద్దుచేస్తే వేలు అరగనట్టేనండి" అన్నాను నేను, నూనెగుడ్డ మడతపెడుతూ. "వేలు అరగకపోతే నిన్నటి పరీక్ష చెల్లినట్టేనండి. పరీక్ష చెల్లితే ఇవాళ లిస్టు కాగితం కూడా వెళ్ళిపోవాలండి. ఒకదానికొకటి ముడిపడి ఉన్నాయండి, పిస్తోలు లోపలి మీటల్లాగ."

ఆయనకి మేక గుర్తొచ్చినట్టుంది. పెన్ను తీశారు.

"అయ్యా" అంది సన్యాసమ్మ. "ఇద్దరు మధ్యవర్తుల్ని పిలవండి. ఆళ్ళు సూడకపోతే జరగనట్టే."

షెడ్డులో ఒక వీఆర్వో దొరికాడు. రెండోవాడు కామేసు. పన్నెండున్నరకి ఎర్రచీటీ తెగింది, రెండింటికి ప్రమోషన్ ఉత్తర్వు అందింది. మధ్యాహ్నం భోజనానికి ఇంటికెళ్ళిన సన్యాసమ్మ, పసుపుడబ్బాతో తిరిగొచ్చింది. నక్షత్రం నేనే పెట్టాను. ఏడేళ్ళు పసుపులో ఉండి దానికి కొంచెం రంగు పట్టింది. తుడవబోతే వద్దంది.

అప్పుడు డీఎస్పీ గారు పిస్తోలు ముందుకు తోశారు. "ఇంక కానియ్యమ్మా."

సన్యాసమ్మ నావైపు చూసింది. నేను అరలోంచి తొలి సర్క్యులర్ తీసి, వేలు పెట్టి చూపించాను. నొక్కువారు హెడ్ కానిస్టేబుల్ హోదాకు మించరాదు.

"ఏఎస్సైనండయ్యా ఇప్పుడు" అంది, చాలా వినయంగా. "తవరి నియమం తప్పలేను."

ఒకటో తారీకున డీఐజీ గారి ముందు డీఎస్పీ గారు పది తూటాలు పేల్చారు. ఎడమపక్క కింద, బెల్టు దగ్గర నాలుగు. మిగతావి కొండకి తగిలాయి. మధ్యవర్తులు నివేదిక రాశారు. కొత్త స్టేషనుకి వెళ్తూ వెళ్తూ సన్యాసమ్మ నా గది ముందు ఆగి, తెగిన ఎర్రచీటీని నా బల్ల మీద పెట్టింది.

"దాచన్నా" అంది. "అయ్యగారు ఇంటికాడ తలుపేసుకుని నొక్కడం మొదలెట్టినారంట. అయిదు వేలు అవగానే కట్టాల గదా."